మూత లేని జల్లెడ

అమ్మ టెక్సస్‌లో మా దగ్గరికి వచ్చిన వేసవిలో, ఒక శనివారం పొద్దున నేను గరాజ్‌లో ప్లాస్టిక్ చిల్లుల గిన్నె ఒకటి బకెట్ మీద పెట్టి కుదుపుతున్నాను. గిన్నెలో కాల్చేసిన తూటాల ఇత్తడి తొడుగులు, వాటి మధ్య వాల్‌నట్ పెంకుల రవ్వ. అమ్మ తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"అలా కుదిపితే ఎప్పటికి తెములుతుందిరా? చేట లేదూ?" అంది.

డాలస్ శివార్లలో చేట ఎక్కడ దొరుకుతుంది? వంటింట్లోంచి వెడల్పాటి స్టీలు పళ్ళెం తెచ్చి, నాలుగు గుప్పెళ్ళు అందులో పోసుకుని, తన అలవాటు చొప్పున ఎగరేసి చెరిగింది. రవ్వ ఎగిరింది. దానితోపాటు బూడిదరంగు దుమ్ము కూడా లేచి, గరాజ్ తలుపు లోంచి పడుతున్న ఎండలో పొగలా నిలబడిపోయింది. ఇద్దరం దగ్గుకుంటూ బయటికొచ్చాం. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఊళ్ళో అయితే ముందు గాలివాటం చూసుకుని అప్పుడు నిలబడేవాళ్ళం. నాలుగు గోడల మధ్య ఎవరైనా చెరుగుతారా?" అని నన్నే కోప్పడింది.

ఆ మాట నాకప్పుడు ఎక్కలేదు. ఎక్కడానికి రెండేళ్ళు, ఒక రక్తపరీక్ష పట్టాయి.

ఈ సంగతి తెలియనివాళ్ళకి ముందు రెండు మాటలు చెప్పాలి. తూటాలో ఉండేవి నాలుగే భాగాలు. ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పు పుట్టించే బొట్టుబిళ్ళంత ప్రైమర్, వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి తొడుగు. పేలినప్పుడు మొదటి మూడూ ఖర్చయిపోతాయి, తొడుగు మిగులుతుంది. షూటింగ్ రేంజిలో కింద గలగలా పడి ఉండేవి అవే. షూటర్లు దాన్ని బ్రాస్ అంటారు. తెచ్చి శుభ్రం చేసి, అచ్చులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమరు, మందు, గుండు పెట్టుకుంటే మళ్ళీ పనికొస్తుంది. ఇదే రీలోడింగ్. 2020, 2021లలో అమెరికా అంతటా తూటాలకు కరువొచ్చినప్పుడు నాలాంటివాళ్ళు చాలామంది ఇందులోకి దిగారు. డబ్బు మిగులుతుందని ఇంట్లో చెప్పాం. మిగల్లేదు, అది వేరే వ్యాసం.

సొంత వాడకానికి చేసుకునేంతవరకూ ఇక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మితే కావాలి. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్సు ఉండి తీరాలి, కాబట్టి అక్కడ చదువుతున్నవాళ్ళకి ఇది ఉత్త కాలక్షేపం. ఇక్కడున్న మనవాళ్ళకి మాత్రం ఒక హెచ్చరిక. హెచ్1బి మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీయే కాదు, ఒక్క తూటా ఉన్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. నేను గ్రీన్ కార్డు వచ్చాకే రేంజి గుమ్మం తొక్కాను.

ఇక శుభ్రం చెయ్యడం. మసి పట్టిన బ్రాస్‌ని టంబ్లర్ అనే అదిరే గిన్నెలో పోసి, దాన్ని రుద్దడానికి ఏదో ఒక రవ్వ నింపుతాం. ఈ రవ్వనే మీడియా అంటారు. వాల్‌నట్ పెంకులు దంచిందైనా, మొక్కజొన్న బెండ్లు దంచిందైనా కావచ్చు. రీలోడింగ్ షాపులో చిన్న డబ్బా కొనేబదులు పెట్ స్టోర్‌కి వెళ్తే, పెంపుడు బల్లుల పంజరంలో పరవడానికి అదే వాల్‌నట్ రవ్వ పెద్ద సంచిలో దొరుకుతుంది. మొదటిసారి కొన్నప్పుడు కౌంటర్ దగ్గర అమ్మాయి "మీ బల్లి పేరేంటి?" అని అడిగింది. రెండు మూడు గంటలు టంబ్లర్ తిప్పితే బ్రాస్ శుభ్రపడుతుంది. కారు పాలిష్ ఒక మూతెడు కలిపితే తళతళలాడుతుంది.

పాలిష్ అనగానే మనింట్లో ఇత్తడి సామాను తోమే పాలిష్ గుర్తొస్తుంది. అమ్మోనియా ఉన్న పాలిష్ ఇక్కడ పనికిరాదు. ఇది తెలిసిన తీరు మనకు దగ్గరి కథే. తూటాల ఇత్తడిలో 70 పాళ్ళు రాగి, 30 పాళ్ళు జింకు. బ్రిటిష్ సైన్యం మన దేశంలో ఉన్న రోజుల్లో, వానాకాలం కదలికలు తగ్గించుకుని తూటాలను గుర్రపుశాలల్లో దాచేవాళ్ళు. వానలు వెలిశాక తీసి చూస్తే తొడుగులు పగిలి ఉండేవి, ముఖ్యంగా గుండును బిగించిన మెడ దగ్గర. ఆ ఋతువులో పగిలేవి కాబట్టి దానికి సీజన్ క్రాకింగ్ అని పేరు పెట్టేసి ఊరుకున్నారు. 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే ముగ్గురు అసలు కారణం తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి పుట్టిన అమ్మోనియా, తయారీలో చల్లగా లాగినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు, ఈ రెండూ కలిసి లోహాన్ని చీల్చేశాయి. వందేళ్ళ కిందటి ఆ గుర్రాల పుణ్యమా అని ఇవాళ నేను గరాజ్‌లో వాడే పాలిష్ సీసా వెనక చిన్న అక్షరాలు చదువుతాను.

టంబ్లర్ ఆపాక మొదలవుతుంది అసలు తలనొప్పి. బ్రాస్, రవ్వ కలిసిపోయి ఉంటాయి. బయట ఉన్న రవ్వ సంగతి సరే, చిల్లుల గిన్నె చాలు. లోపల దూరిన రవ్వతోనే పేచీ. 9 ఎంఎం పిస్టల్ తొడుగు పొట్టిది, నోరు తెరుచుకుని ఉంటుంది, బోర్లిస్తే ఖాళీ అవుతుంది. .223 రైఫిల్ తొడుగు అలా కాదు. పొడవు 45 మిల్లీమీటర్లు, పొట్ట వెడల్పు, మెడ సన్నం, అచ్చం పాతకాలం సిరా బుడ్డి. నిండా రవ్వ తాగి పడుకుంటుంది. దాన్ని బోర్లించి, కొట్టి, మళ్ళీ తిప్పితే గానీ వదలదు. దీనికి తోడు ప్రైమరుకీ మందుకీ మధ్య రెండు మిల్లీమీటర్ల చిల్లు ఒకటి ఉంటుంది, నిప్పు లోపలికి వెళ్ళేది దాని గుండానే. పాత ప్రైమరు ముందే తీసేసి టంబ్లర్‌లో వేస్తే, కాస్త పెద్ద పలుకు ఒకటి వెళ్ళి సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. చూసుకోకపోతే రేంజిలో ట్రిగ్గర్ లాగినప్పుడు తెలుస్తుంది. వేరు వేరు సైజులు కలిపి వేస్తే ఇంకో తమాషా. 9 ఎంఎం వెళ్ళి .40లో దూరుతుంది, ఆ .40 వెళ్ళి .45లో దూరుతుంది, పెళ్ళికి పెట్టే స్టీలు గిన్నెల సెట్టులా. మధ్యలో రవ్వ బందీ.

ఈ పనికి షాపులో దొరికే పరికరం పెద్ద ఖరీదేం కాదు. అయినా రీలోడింగ్ చేసే ప్రతివాడూ జీవితంలో ఒక్కసారైనా దీన్ని సొంతంగా చేసి చూస్తాడు. మందు తూచే త్రాసులో, అచ్చుల్లో సొంత తెలివి చూపిస్తే వేళ్ళు పోతాయి. ఇక్కడ పోయేదేమీ లేదనే ధైర్యం. నేనూ అలాగే దిగాను.

అమ్మ చూసిన బియ్యం కడిగే గిన్నె మొదటిది. రెండోది అయిదు గ్యాలన్ల బకెట్. దాని చుట్టూ చిల్లులు వేసి, ఇంకో బకెట్‌లో దించి తిప్పితే చాలని లెక్క. 8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ చేతికందింది. ఒక సాయంత్రమంతా కూర్చుని నూటయాభై చిల్లులు వేశాను. 9 ఎంఎం బ్రాస్‌కి బ్రహ్మాండంగా పనిచేసింది. తర్వాత .223 పోసి తిప్పాను. ఆ తొడుగు మెడ బయటి కొలత 6.4 మిల్లీమీటర్లు, భుజం దగ్గర 9. అంటే మెడ చక్కగా చిల్లులో దూరుతుంది, భుజం దగ్గర ఆగిపోతుంది. పైకి తీసేసరికి బకెట్ చుట్టూ ఇత్తడి ముళ్ళు పొడుచుకొచ్చి ముళ్ళపందిలా ఉంది. ఒక్కొక్కటీ లోపలికి నొక్కుకుంటూ కూర్చుంటే మా అబ్బాయి వచ్చి ఫొటో తీసుకున్నాడు.

తెలిసినాయన ఒకరు బంగారం జల్లించేవాళ్ళు వాడే జల్లెడ కొన్నాడు, బకెట్ మీద సరిగ్గా కూర్చునేది. మంచి ఆలోచనే. కానీ అరంగుళం కన్ను ఉన్నది కొన్నాడు. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, 9 ఎంఎం తొడుగు అడుగుభాగం వెడల్పు పది మిల్లీమీటర్లకి లోపే. రవ్వ, బ్రాస్ రెండూ ఒకేసారి కిందికి దిగిపోయాయి. పావంగుళం కన్ను ఉన్నది కొనాల్సింది. ఇంకొకాయన సలాడ్ ఆకుల నీళ్ళు వంపే గిర్రున తిరిగే గిన్నె ప్రయత్నించాడు. అది ఎందుకు పనిచెయ్యదో ఆలోచించడానికి నాకు కొంచెం టైం పట్టింది. నిలువు ఇరుసు మీద తిరుగుతుంది కాబట్టి బ్రాస్ వెళ్ళి గోడకి అతుక్కుని అలాగే ఉండిపోతుంది, ఒక్కటీ బోర్లపడదు. లోపలి రవ్వ లోపలే.

కిటుకంతా ఈ బోర్లపడటంలోనే ఉంది. అమ్మ చేటతో చేసేవి రెండు వేరు వేరు పనులు. చెరగడం అంటే ఎగరేసి తేలికైన పొట్టును ముందుకు వదిలెయ్యడం. నేమడం అంటే చేటను వంచి పక్కలకు ఆడిస్తూ బరువుల తేడా మీద విడదియ్యడం. రెండూ గింజల మీద పనిచేస్తాయి, ఎందుకంటే గింజకి కడుపులో ఖాళీ ఉండదు. బ్రాస్ గింజ కాదు, గింజలు మింగిన కుండ. జల్లెడలో ఎంత కుదిపినా అడ్డంగా పడుకుని ఉంటుంది. దాన్ని కిందా మీదా పడేట్టు తిప్పాలి. అడ్డ ఇరుసు మీద తిరిగే బోను అయితే పాతిక చుట్లలో ఒక్కో తొడుగు ఎన్నిసార్లు తలకిందులవుతుందో! కుదిపే జల్లెడ కంటే తిరిగే బోనే మంచిదని అందరూ చివరికి ఒప్పుకునేది అందుకే.

ఇక్కడిదాకా ఎవరినడిగినా చెప్తారు. నా గొడవ ఇక్కడి నుంచి. ఈ సొంత పరికరాలు చేసేవాళ్ళు, నాతో సహా, కొలిచేవి రెండే: ఎంత తొందరగా అయింది, ఎంత చవగ్గా అయింది. "రెండు గిన్నెలు, ఒక ఊచ, పది నిమిషాల్లో వెయ్యి బ్రాస్!" అని గొప్పగా చెప్పుకుంటాం. ఆ పది నిమిషాలూ చేసినవాడి ముక్కు ఎక్కడుందని ఎవరూ అడగరు.

ఆ బూడిదరంగు దుమ్ము వాల్‌నట్ పొడి ఒక్కటే కాదు. మామూలు ప్రైమర్లలో నిప్పు పుట్టించేది లెడ్ స్టిఫ్నేట్, అంటే సీసం లవణం. పేలినప్పుడు దాని సీసం మసిలో కలిసి తొడుగు లోపల అంటుకుంటుంది. టంబ్లర్ చేసే పని ఆ మసిని గీకి రవ్వకి పట్టించడం. అంటే బ్రాస్ ఎంత తెల్లబడితే రవ్వ అంత విషం. పదిసార్లు వాడిన రవ్వలో పదిసార్ల సీసం ఉంటుంది. దాన్ని తీసుకెళ్ళి మూత లేని గిన్నెలో, ముఖానికి అడుగు దూరంలో ఎగరేసి కుదుపుతాం. రీలోడింగ్ పనులన్నిటిలో సీసం గాల్లోకి లేచే ఘట్టం ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. వేళ్ళు పోవన్న ధైర్యంతో అందరం సొంత తెలివి చూపించేది సరిగ్గా దీని దగ్గరే.

అమ్మ తిరిగి ఊరికి వెళ్ళిన రెండేళ్ళకి, ఏడాదికోసారి చేయించుకునే పరీక్షలప్పుడు డాక్టరు హాబీలేంటని అడిగారు. చెప్పాను. అయితే సీసం కూడా చూద్దామన్నారు. డెసిలీటరుకి 9 మైక్రోగ్రాములు వచ్చింది. పెద్దవాళ్ళకి వెంటనే మందులిచ్చేంత అంకె కాదు అది. కానీ పిల్లల విషయంలో ఇక్కడి ప్రజారోగ్య సంస్థ సిడిసి 2021 నుంచి 3.5 ఉన్నా జాగ్రత్తపడమంటోంది, పిల్లలకి క్షేమమని చెప్పగలిగే మోతాదంటూ ఏదీ లేదంటోంది కూడా. నాకు గుర్తొచ్చింది నా రక్తం కాదు. ముళ్ళపంది బకెట్ దగ్గర ఫొటో తీసుకుంటూ చతికిలబడి కూర్చున్న మా వాడు. వాడికీ పరీక్ష చేయించేదాకా, ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరం సరిగా నిద్రపోలేదు. 2 లోపే ఉంది. మా ఆవిడ ఆ కాగితం మడిచి పెట్టి, "ఏవండీ, ఆ గిన్నె మళ్ళీ వంటింటి సింకులో కనబడితే మాత్రం ఊరుకోను" అంది. అవును, బియ్యం కడిగే గిన్నెని బ్రాస్‌కి వాడి, కడిగి, మళ్ళీ అల్మరాలో పెట్టేవాణ్ణి. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

నా 9కి కారణమంతా జల్లెడేనని చెప్పను. నేను వెళ్ళేది నాలుగు గోడల మధ్య ఉన్న రేంజికి. అక్కడి గాల్లోనూ సీసం ఉంటుంది. కానీ రేంజి గాలి నా చేతిలో లేదు, నా గరాజ్ గాలి ఉంది.

అప్పుడు చేశాను మూడోది. రెండు స్టీలు చిల్లుల గిన్నెలు మూతికి మూతి ఆనించి, ఒకవైపు చిన్న బందు, మిగతా మూడు వైపులా బైండర్ క్లిప్పులు. రెండు గిన్నెల అడుగుల్లోంచి మరలున్న ఊచ, లోపలా బయటా నట్లు, వాషర్లు. ఇదంతా కొత్తేం కాదు, చాలామంది చేసేదే. స్టీలు ఎందుకంటే, చలికాలం పొడిగాలికి ప్లాస్టిక్‌లో కరెంటు పుట్టి దుమ్ము గిన్నెకే అతుక్కుంటుంది. నేను చేసిన మార్పు ఒకటే, పని మొదలుపెట్టింది అటునుంచి. ముందు మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ పెట్టె కొన్నాను. గిన్నెలు ఆ పెట్టెలో పట్టే సైజు చూసి కొన్నాను. ఊచ పెట్టె గోడల్లోంచి బయటికొచ్చే చోట తలుపు సందులకి అంటించే స్పాంజి పట్టీ చుట్టాను. హ్యాండిల్ బయట, నేను బయట, దుమ్ము లోపల. తిప్పడం అయ్యాక మూత వెంటనే తియ్యను. పది నిమిషాలు ఆగి, దుమ్ము దిగాక తీస్తాను. అప్పుడు కాఫీ తాగుతారా అంటే, చేతులు కడుక్కున్నాక.

ఇది కాక చిన్న చిన్నవి ఇంకొన్ని ఉన్నాయి. బట్టల డ్రయర్‌లో వేసే షీట్లు, వాడేసినవే, ముక్కలు చేసి టంబ్లర్‌లో వేస్తే దుమ్ము చాలావరకు వాటికి పడుతుంది, చివర్లో ఆ ముక్కల రంగు చూస్తే ఎవరికైనా బుద్ధొస్తుంది. గరాజ్ నేల ఊడవను, తడిగుడ్డతో తుడుస్తాను.

పదో నెలలో మళ్ళీ చూపించుకుంటే 5 ఉంది. రక్తంలో సీసం నెల రోజుల్లో సగం తగ్గుతుందంటారు, ఎముకల్లోకి వెళ్ళింది మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది. అందుకే అది ఇంకా కిందికి దిగడానికి తొందరపడటం లేదనుకుంటాను.

ఇదంతా విని, "ఈ తంటాలన్నీ ఎందుకు, నీళ్ళలో కడిగెయ్" అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో బలం ఉంది. నీళ్ళు, గిన్నెల సబ్బు, కాస్త సిట్రిక్ యాసిడ్, సన్నటి స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు వేసి తిప్పితే దుమ్మన్న మాటే ఉండదు. బ్రాస్ లోపల కూడా కొత్తదానిలా మెరుస్తుంది. కానీ పిన్నులు తియ్యడం కూడా జల్లెడ పనే. పిన్ను లావు 1.2 మిల్లీమీటర్లు, పొడవు ఆరున్నర. నిప్పు వెళ్ళే రెండు మిల్లీమీటర్ల చిల్లులోకి ఒకటి దూరుతుంది, రెండోది పక్కన సగం దూరి బిగుసుకుంటుంది. .223 మెడలో అడ్డంగా ఇరుక్కునేవి వేరే. అయస్కాంతం పెట్టినా లోపలివి అన్నీ రావు. నీళ్ళతో నింపిన టబ్బులో బోను మునిగేట్టు పెట్టి తిప్పితే తేలిగ్గా జారతాయి, గాల్లో అయితే తడికి గోడకి అతుక్కుపోతాయి. ఇంతా చేశాక సీసం ఎక్కడికీ పోలేదు, ఆ నల్లటి నీళ్ళలో ఉంది. వాటిని పెరట్లో కొత్తిమీర మడికి పారబోసినాయన నాకు తెలుసు. గాల్లో కనపడే దుమ్ముకి భయపడతాం, బకెట్‌లో నీళ్ళని కుళాయి నీళ్ళలాగే చూస్తాం. పైగా బ్రాస్ ఎండాలి, పిన్నులు లెక్కపెట్టుకోవాలి. నేను పొడి పద్ధతిలోనే ఉండిపోయాను. నా పాత రవ్వ రెండు సంచుల్లో మూట కట్టి, పెయింట్లూ బ్యాటరీలూ తీసుకునే కౌంటీ సేకరణ రోజున ఇచ్చి వస్తాను.

షాపులో కొన్నదే వాడొచ్చు కదా అని ఇంకో ప్రశ్న. వాడొచ్చు. మూత ఉంటేనే. కొన్నదా చేసుకున్నదా అనేది నాకిప్పుడు పెద్ద తేడా కాదు. మూత లేని కొన్న పరికరం కంటే మూత ఉన్న నా గిన్నెల పెట్టె నయం, నా పాత బకెట్ కంటే మూత ఉన్న కొన్నది వందరెట్లు నయం. అయినా చేసుకోమనే చెప్తాను, ఎందుకంటే ఏ తొడుగు ఎక్కడ ఇరుక్కుంటుందో, రవ్వ ఎటు పోతుందో చేసుకున్నవాడికి తెలిసినట్టు కొన్నవాడికి తెలియదు. చేసుకునేటప్పుడు గిన్నెలు ఆఖర్న కొనండి, పెట్టె ముందు కొనండి.

మొన్న ఫోన్‌లో అమ్మకి ఈ పెట్టె చూపించాను. రెండు చుట్లు తిప్పి చూపించమంది. "మిల్లులో జల్లెడ కూడా ఇలాగే తిరుగుతుంది, దానికీ చుట్టూ రేకు ఉంటుంది" అంది. నేను కనిపెట్టిందేమీ లేదని మర్యాదగా చెప్పడం అది.

పోయిన నెలలో మా వీధిలో ఉండే కుర్రాడొకడు, నన్ను బాబాయ్ అని పిలుస్తాడు, కొత్తగా రీలోడింగ్ మొదలుపెట్టి ఆ పెట్టె అడిగి తీసుకెళ్ళాడు. వారం తర్వాత తెచ్చిచ్చాడు. మూత లేదు.

"లోపల ఏమవుతోందో కనపడట్లేదు బాబాయ్, అందుకే తీసి పక్కన పెట్టా. ఇంట్లోనే ఉంది, రేపు తెస్తా."

వాడి మాటలో తప్పు పట్టడానికి లేదు. నేనూ మొదట్లో ప్రతి పది చుట్లకీ మూతెత్తి తొంగి చూసినవాణ్ణే. వాడికి ఇంకో పెట్టె కొన్నాను, ఈసారి మూత అద్దంలా కనపడేది. గిన్నెలు, ఊచ తనే చూసుకుంటానన్నాడు. గిన్నెలెందుకు, బకెట్‌కి చిల్లులు వేస్తే సరిపోదా అని అడిగాడు. 8 మిల్లీమీటర్ల బిట్ మాత్రం ముట్టుకోకని చెప్పి పంపాను.